ఎడమ మోకాలి పట్టీ

మా గోడాదరా బస్తీ టీమ్ ఇన్నేళ్లలో ఒక్కసారే గెలిచింది. ఆ గెలుపులో నా వంతు ఎంత అని ఎవరైనా అడిగితే దాచుకోకుండా చెబుతాను. నేను గోల్ కొట్టలేదు. గోల్‌కు పాస్ కూడా ఇవ్వలేదు. బంతి నా కాలికి తగిలింది ఐదారుసార్లు, అందులో రెండుసార్లు అదే వచ్చి తగిలింది. అయినా ఆట ముగిశాక మావాళ్లు భుజాల మీదికి ఎత్తుకున్నది నన్నే. ఆ భుజాల మీద కూర్చున్నప్పుడు ఎంత ఎత్తులో ఉన్నానో, ఎంత సిగ్గుగా ఉందో రెండూ నాకు బాగా గుర్తు.

సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుకునే తెలుగువాళ్లకు ఫుట్‌బాల్ ఏమిటని మీరు అడగొచ్చు. మేమూ అడిగాం. పన్నెండు గంటలు సిమెంటు గచ్చు మీద నిలబడి వచ్చినవాడికి ఆదివారం పొద్దున కాళ్లు చాపుకోవాలని ఉంటుంది కానీ బంతి వెంట పరిగెత్తాలని ఉండదు. అయితే మా గల్లీ చివర అపార్ట్‌మెంట్లో ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజర్ గారు ఉన్నారు. గోదావరి వైపు మనిషి. ఉద్యోగానికి ఇక్కడికి వచ్చి, ఫ్లాటు కొనుక్కొని, ఇక్కడే స్థిరపడిపోయారు. ఆయన టీవీలో విదేశాల మ్యాచ్‌లు తప్ప ఇంకేమీ చూడరు. బంతిని జీవితంలో కాలితో తన్నిన దాఖలాలు లేవు. అందుకే మాకు కోచ్ అయ్యారు. మెడలో విజిల్, చేతిలో నోటుబుక్కు, నోట్లో "స్పోర్ట్స్‌మన్ స్పిరిట్" అనే మాట, ఈ మూడూ లేకుండా ఆయన్ను నేను ఎప్పుడూ చూడలేదు.

ఏటా ఉత్తరాయణ్, అంటే మన సంక్రాంతి, అయిన తరువాతి ఆదివారం మాకూ బమ్రోలి తెలుగువాళ్లకూ మ్యాచ్. ఖాడీ అనే మురికి కాలువ పక్కన ఒక ఖాళీ ప్లాటు మా స్టేడియం. ఒకవైపు రంగుల మిల్లు గోడ, ఒకవైపు ఖాడీ వాసన, గోల్ కర్రలకు తెగిన పతంగుల మాంజా చుట్టుకొని ఉంటుంది. మా జెర్సీలు నేను పనిచేసే ఖాతా శేఠ్ దానం. ఖాతా అంటే ఇక్కడ సాంచాల షెడ్డు. నేతలో గీతలు పడి మార్కెట్ వాళ్లు తిప్పిపంపిన తాన్లన్నీ ఒకచోట పడి ఉంటే, వాటిని కుట్టించి రెండు టీముల వీపుల మీదా తన కంపెనీ పేరు అచ్చు వేయించాడు. నా వీపు మీది గీత బహుశా నేను నేసినదే. దానం చేసినందుకు ఏటా ఆయనే ముఖ్య అతిథి.

ఐదేళ్లు వరసగా ఓడిపోయాం. కారణం ఒకే ఒక్క మనిషి. బమ్రోలి వాళ్ల బ్యాక్. గోల్ ముందు నిలబడేవాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, కొంచెం పొట్ట, నెత్తిన కొంచెం బట్టతల. చూస్తే ఎవరైనా దాటిపోగలరనిపిస్తుంది. ఎవరూ దాటలేదు. ఆయన ఎక్కువ పరిగెత్తడు. బంతి ఎటు వస్తుందో అక్కడ ముందే ఉంటాడు.

ఆ మనిషి ఖాతాలో నా పక్క వరసే. నావి ఎనిమిది సాంచాలు, ఆయనవి ఎనిమిది. నేను సిరిసిల్ల నుంచి వచ్చిన కొత్తలో నాకు పని నేర్పింది ఆయనే. సిరిసిల్లలో నేర్చుకున్నదంతా మర్చిపొమ్మని మొదటిరోజే చెప్పి, మళ్లీ మొదటి నుంచీ నేర్పాడు. నేను ఆయన్ను అన్నా అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు. మిగతా ఆరు రోజులూ మేం ఒకే టీమ్.

సాంచాల షెడ్డులోకి ఎన్నడూ అడుగుపెట్టని వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. అక్కడ మాట వినపడదు. నూటికి పైగా సాంచాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిస్తే తప్ప లాభం లేదు. అందుకని అందరం చేతులతో మాట్లాడుకుంటాం. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్. భుజం మీద రెండుసార్లు తట్టుకుంటే సూపర్‌వైజర్ వస్తున్నాడని. ఎన్నో నంబరు సాంచా అన్నది వేళ్లతో. నవ్వులు, తిట్లు, పెళ్లి కబుర్లు, చావు కబుర్లు అన్నీ చేతుల మీదే నడుస్తాయి. ఎవరైనా దూరం నుంచి చేయెత్తి ఏదో అడిగితే మన చేయి దానంతట అదే లేచి జవాబు చెబుతుంది. ఆలోచించుకుంటూ నిలబడితే ఇక్కడ ఇంకో పోగు తెగుతుంది. మా వాళ్లు ఇంటికి వెళ్లాక కూడా పెళ్లాంతో చేతులతోనే మాట్లాడుతుంటారు. మా ఆవిడ చాలాసార్లు గరిటె ఎత్తి, "నోరు వడిపోయిందా?" అని అడిగింది.

మ్యాచ్‌కు ఎనిమిది నెలల ముందు అన్న కుడి మోకాలి మీద పడుగు భీమ్ పడింది. నూలు చుట్టిన ఇనుప భీమ్ అంటే మనిషంత బరువు. సాంచాకు ఎక్కిస్తుంటే జారింది. అప్పుడు అక్కడ ఉన్నది నేనొక్కణ్ణే. ఆయన పళ్లు బిగించుకొని లేచి, షర్టు దులుపుకొని, ఏమీ కానట్టు నిలబడ్డాడు. ఎందుకంటే ఖాతాలో కాలు చెడినవాడికి సాంచాలు ఉండవు. పన్నెండు గంటలు వరసల మధ్య తిరగలేనివాడు శేఠ్‌కు దండగ. మర్యాదగా కూర్చోబెడతారు, సాంచాలు వేరేవాడికి ఇస్తారు. ఆయనకు అదొక్కటే పని వచ్చు, దాని మీద బమ్రోలిలో ఒక ఇల్లంతా ఆధారపడి ఉంది.

సాయంత్రం చాయ్ దగ్గర నాతో అన్నాడు. "తమ్మీ, ఎవ్వలికి జెప్పకు. ఎడమకు తిరిగితె ఏం గాదు. కుడికి తిరిగితె పట్టేస్తది. ఆ మూల రెండు సాంచాలు జర చూస్కో."

అప్పటి నుంచి మా ఇద్దరికీ ఒక సైగ. అరచేత్తో కుడి తొడ మీద రెండుసార్లు తట్టుకుంటే, మోకాలు పట్టింది, అటు నువ్వు పో అని. నేను తలూపి వెళ్లేవాణ్ణి. నా ఎనిమిదీ చూసుకుంటూ ఆయన మూల రెండూ చూసేవాణ్ణి. ఎనిమిది నెలలూ ఏ రోజూ తప్పలేదు. సూపర్‌వైజర్‌కు అనుమానం వచ్చి అవతల నుంచి నన్ను చేత్తో అడిగేవాడు, ఆ మనిషి ఎందుకట్లా నెమ్మదిగా ఉన్నాడని. నా చేయి టక్కున జవాబు చెప్పేది. పోగులు చూస్తున్నాడు, అంతా బాగుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. దీనితో నాకు తర్వాత పని పడుతుంది.

మ్యాచ్ ఇంకో వారం ఉందనగా మా కోచ్ గారు చాయ్ బండి దగ్గర సమావేశం పెట్టారు. ముఖం వెలిగిపోతోంది. బమ్రోలి వాళ్ల బ్యాక్ ఎడమ మోకాలికి పట్టీ వేసుకొని ప్రాక్టీసు చేస్తున్నాడని ఆయనకు తెలిసింది.

"ఎడమ మోకాలు పోయిందన్నమాట అండి," అన్నారు ఆయన నోటుబుక్కులో రాసుకుంటూ. "అతణ్ణి ఎడమ పక్కకే తిప్పాలి."

మా టీమ్‌లో ఒకాయన చీరల మార్కెట్లో మడతలు పెట్టేవాడు. దేవుడంటే భయం ఉన్న మనిషి. "సార్, దెబ్బ తగిలినోన్ని దెబ్బ తగిలినకాణ్ణే ఇబ్బంది వెట్టుడు పాపం గాదా?" అని అడిగాడు.

కోచ్ గారు ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కొట్టమని నేనన్నానా? మోకాలి మీద తన్నడం నేరం. ఆ పక్కకి తిప్పడం ఆట. అతను నెమ్మదైతే వేగంతో ఓడిస్తాం. పొట్టివాడైతే తలతో ఓడిస్తాం. మోకాలు బాగాలేకపోతే మోకాలితో ఓడిస్తాం. ఆడటానికి వచ్చినవాడు అన్నీ తెలిసే వచ్చాడు కదండీ. ముట్టుకోవద్దు, తిప్పండి. అదీ స్పోర్ట్స్‌మన్ స్పిరిట్ అంటే."

అంత చక్కగా చెబితే ఎవరు కాదంటారు? పాపం అన్నాయన కూడా రెండో చాయ్ చెప్పాడు. నిజానికి కోచ్ గారి మాటలో తప్పు పట్టడం నాకు ఇప్పటికీ చేతకాదు. కుంటుతున్నట్టు కంటికి కనిపిస్తే ఆ పక్కకు పరిగెత్తడం ఆటలో ఉన్నదే. అందరూ చేసేదే. నాకు తెలిసింది మాత్రం కంటితో ఆటలో చూసి తెలుసుకున్నది కాదు. సాయం చేయమని నమ్మి చెబితే తెలిసింది. ఈ తేడా ఆయన నోటుబుక్కులో లేదు. నేను చెప్పి రాయించాల్సింది. చెప్పలేదు. ఎడమ అన్న మాట వినగానే చిన్నగా నవ్వాను మాత్రం. ఆ నవ్వే నా కొంప ముంచింది.

కోచ్ గారు పట్టేశారు. "నువ్వు అతని పక్కనే పని చేస్తావు కదయ్యా. ఎడమదేనా?"

"నాకెర్క లేదు సార్," అన్నాను.

"తెలిసే నవ్వావు."

"నిజంగ నాకెర్క లేదు."

ఆయన నోటుబుక్కు మూసేశారు కానీ మా ఫార్వర్డ్ నన్నే చూస్తూ ఉండిపోయాడు. వాడు సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు, పాండేసరాలో వేరే ఖాతాలో సాంచాలు నడుపుతాడు. బస్తీ మొత్తంలో కాళ్లకు కాస్త వేగం ఉన్నది వాడికే. దారిలో నా బండి వెనక కూర్చొని, "బోల్ నా అన్నా, కౌన్సా? నేనెవ్వలికి జెప్ప," అని ఇల్లు చేరేదాకా బతిమాలాడు. నేను చెప్పలేదు. ఇంటికి వచ్చి ఈ ఘనకార్యం మా ఆవిడకు చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆమె పిండి పిసుకుతూ, "చెప్పకుంటె గొప్పేంది? చెప్తె గద తప్పు," అంది. "గంత బాధగుంటె ఆదివారం ఆడుడు బంద్ వెట్టు. ఇంట్ల పనున్నది."

ఇంట్లో పని కన్నా ధర్మసంకటమే తేలిక అనిపించి ఊరుకున్నాను.

మర్నాడు ఖాతాలో చాయ్ వేళ అన్నను అడిగాను, పట్టీ ఎడమ కాలికి ఎందుకు వేస్తున్నావని. ఆయన పడిపడి నవ్వాడు.

"మీవోళ్లు తిప్పినా కొట్టినా పట్టీ ఉన్న దిక్కే వస్తరు. ఎడమ మోకాలు మంచిగున్నది, రెండు దెబ్బలు ఓర్సుకుంటది."

"ఈ ఏడు ఆడకపోతె ఏమాయె అన్నా?"

"ఆడకపోతె శేఠ్ ఊకుంటడా? గక్కడ కుర్చేస్కొని కూసుంటడు. బ్యాక్ ఏడి, ఎందుకు ఆడ్తలేడు అంటడు. ఒక్కటి అడిగితె పది అడుగుతడు. ఆడితె కాలు మంచిగనే ఉన్నదనుకుంటడు. ఒక్క గంట తమ్మీ. గంట గడిస్తె ఏడాది గడిచినట్టే." చాయ్ గ్లాసు కింద పెట్టి, "నువ్వు జెప్పవు గద," అన్నాడు. అడగడం కాదు, ఊరికే అన్నాడు.

"నేనెందుకు జెప్త అన్నా," అన్నాను నేను. ఆ మాట అన్నప్పుడు నాకు కొంచెం పౌరుషం కూడా వచ్చింది.

ఆదివారం వచ్చింది. కుర్చీలో శేఠ్, పక్కన ఇద్దరు మార్కెట్ పెద్దమనుషులు, వెనక నీళ్ల డబ్బాలు, ఒక మూల టెంపో మీద రెండు పెద్ద స్పీకర్లు. స్పీకర్లు పెట్టినవాడికి ఆటతో సంబంధం లేదు, పాటలతోనే. మైదానంలో పక్కనున్న మనిషి మాట కూడా వినపడకుండా చేశాడు. మాలో ఎవరికీ అది కొత్తగా అనిపించలేదు.

మొదటి సగమంతా మా ఫార్వర్డ్ బుద్ధిగా పట్టీ ఉన్న ఎడమ వైపే వెళ్లాడు. అన్న ఎడమకు తిరిగి ప్రతిసారీ బంతి తీసుకొని అవతలికి తన్నేశాడు. మధ్యలో బమ్రోలి వాళ్లు కార్నర్ నుంచి ఒక గోల్ కొట్టారు. కోచ్ గారు నోటుబుక్కు తిరగేస్తూ, తాను రాసుకున్న ప్రకారం ఆ మనిషి ఎందుకు కూలిపోవడం లేదో తెలియక కంగారుపడ్డారు.

రెండో సగం కూడా సగం అయింది. నేను మైదానం మధ్యలో కుడివైపు నిలబడి ఉన్నాను. అన్న గోల్ వదిలి ముందుకొచ్చి నాకు పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఫార్వర్డ్ అవతలి అంచున. బంతి ఖాడీలో పడితే ఎవరో కర్రతో తీస్తున్నారు. పాట మోగుతోంది. ఫార్వర్డ్ నా వైపు తిరిగి చేయెత్తాడు. ఒక మోకాలు తట్టాడు, రెండో మోకాలు తట్టాడు, అరచేయి తిప్పాడు. ఏది?

నా చేయి లేచింది. కుడి తొడ మీద రెండుసార్లు తట్టింది.

అంతే. అర నిమిషం కూడా పట్టలేదు. ఫార్వర్డ్‌కూ నాకూ మధ్యే నడిచిన రహస్యమని నాకొక సంతృప్తి కూడా కలిగి ఉండాలి. ఎందుకంటే చేయి దించాక గానీ బుర్ర పనిచేయలేదు. ఆ మైదానంలో ఇరవై ఇద్దరం ఉన్నాం. అందులో ఒక చీరల మార్కెట్ మనిషి, ఇద్దరు ఆటోవాళ్లు, ఒక రైల్వే ఆయన తప్ప మిగతా అందరూ సాంచాలవాళ్లే. దేశంలో ఏ ఆటగాళ్లయినా అవతలివాళ్లకు అర్థం కాని సైగలు పెట్టుకుంటారు. మేం మాత్రం రెండు టీములకూ పుట్టుకతో వచ్చిన భాషలో రహస్యం మాట్లాడుకున్నాం. నేను మైకులో చెప్పినా ఇంతకన్నా స్పష్టంగా ఉండేది కాదు.

అన్న మా ఫార్వర్డ్ వైపు చూడలేదు. నా చేయి వైపు చూశాడు. అది ఇంకా నా తొడ మీదే ఉంది. తీయడం కూడా మర్చిపోయాను.

తర్వాత ఆయన రిఫరీకి వేలు చూపించి, ఒక్క నిమిషం అని, అక్కడే దుమ్ములో కూర్చున్నాడు. ఎడమ మోకాలి పట్టీ నెమ్మదిగా కిందికి లాగి బూటు మీదుగా తీశాడు. దులిపాడు. కుడి కాలికి తొడుక్కున్నాడు. మోకాలి మీదికి వచ్చాక రెండు చేతులతో సర్దుకున్నాడు. లేచి తన చోటుకు వెళ్లి నిలబడ్డాడు. ఇదంతా చేస్తున్నంతసేపూ నన్ను చూస్తూనే ఉన్నాడు. కోపంగా చూసినా బాగుండేది. కొత్తగా పనిలో చేరినవాడు ఏ పోగు ఎక్కడ కట్టాడో చూస్తారే, అట్లా చూశాడు.

ఆ తర్వాత ఓ ఐదు నిమిషాలు మా టీమ్ మొత్తానికి హఠాత్తుగా ధర్మబుద్ధి పుట్టుకొచ్చింది. దొంగచాటుగా చేయడానికి సిద్ధపడ్డ పని, అవతలివాడు తలుపు తెరిచి రమ్మనేసరికి చేయడానికి ఎవరికీ కాలు రాలేదు. ఫార్వర్డ్ రెండుసార్లు బంతి అందుకొని వెనక్కి ఇచ్చేశాడు. అప్పుడు మా కోచ్ గారు గీత దాటి లోపలికి వచ్చి, విజిల్ ఊది, స్పీకర్ల కన్నా గట్టిగా అరిచారు. "తిప్పవయ్యా! ముట్టుకోవద్దు! తిప్పు!"

వాడు తిప్పాడు. మొదటిసారి అన్న కుడికి తిరగలేక ఒక అడుగు వెనకబడ్డాడు, గోల్ అయింది. రెండోసారి ఎట్లాగో కాలు అడ్డం పెట్టి ఆపాడు. మూడోసారి మనిషి తిరిగాడు కానీ పాదం తిరగలేదు. కింద పడ్డాడు. మా వాడు ఆయన పక్క నుంచే వెళ్లి బంతిని గోల్‌లోకి తోశాడు. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకొని అందరి ముఖాలూ చూశాడు. ఊదడానికి ఏమీ లేదు. ఎవరూ ముట్టుకోలేదు.

ఎవరూ ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి మా బస్తీలో అదొక మంత్రమైంది. గెలుపు సంబరంలో అదే మాట, వాట్సాప్‌లో వీడియో పెట్టినవాడు కింద రాసింది అదే మాట. నెమ్మదిగా నడిపించిన వీడియో, వెనక పాట. అందులో నా చేయి కూడా కనిపిస్తుంది, మూలన, రెండుసార్లు. మా కోచ్ గారు నన్ను అందరి ముందుకు లాగి, సమాచారమే సగం విజయమని చిన్న ఉపన్యాసం ఇచ్చారు. అందుకే నన్ను ఎత్తుకున్నారు.

భుజాల మీద నుంచి చూస్తే దూరం బాగా కనిపిస్తుంది. ఇద్దరు మనుషులు అన్నను చెరో రెక్కా పట్టుకొని నడిపించుకుపోతున్నారు. శేఠ్ కుర్చీలోంచి లేచాడు. నిజంగా మర్యాదస్తుడు. ఆయనే ఎదురువెళ్లి, వంగి మోకాలు చూసి, ఇంత నొప్పి పెట్టుకొని ఎన్నాళ్ల నుంచి పనిచేస్తున్నావు భాయ్, నాకు చెప్పొద్దా అని హిందీలో అన్నాడట. ఆ తర్వాత వచ్చి నాకు షీల్డు అందించాడు. ప్లాస్టిక్ షీల్డు, మనిషికొక స్టీలు డబ్బా.

మర్నాడు అన్న రాలేదు. ఆయన ఎనిమిది సాంచాలూ చప్పుడు లేకుండా ఉన్నాయి. ఖాతాలో మావాళ్ల మధ్య ఒక కట్టుబాటుంది. దెబ్బ తగిలి మంచాన పడ్డవాడి సాంచాలు పక్క వరసవాడు నడపాలి. వాడు తిరిగొచ్చేదాకా అవి వాడివే. ఆగిపోతే శేఠ్ వేరేవాణ్ణి పెడతాడు, అందుకని ఆగనివ్వకూడదు. నేను పదహారు నడిపాను. మూడు వారాలు. కాళ్లు వాచిపోయేవి, మధ్యాహ్నం తిండి నిలబడే తినేవాణ్ణి. పాపం కడుక్కుంటున్నానని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. కాళ్లు ఎంత నొప్పి పెడితే మనసుకు అంత హాయిగా ఉండేది. అంత చవకగా కడుక్కునే పాపం ఇంకొకటి నాకు తెలియదు.

మధ్యలో ఒక ఆదివారం పళ్లు తీసుకొని బమ్రోలి వెళ్లాను. వదిన కుర్చీ వేసి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఆయన కాలు దిండు మీద పెట్టుకొని టీవీ చూస్తున్నాడు.

"అన్నా, నేను కావాల్నని జెప్పలే. చెయ్యి గట్లనే లేసింది," అన్నాను.

"ఊ."

"అలవాటుల వడ్డది."

"నాకెర్క తమ్మీ. అలవాటే," అన్నాడు. ఆ తర్వాత, "చాయ్ తాగు, సల్లారుతది," అన్నాడు.

నేను చాయ్ తాగి, చాలా తేలికైన మనసుతో బండెక్కాను. ఉధనా దాటే వరకు ఆ తేలిక ఉంది. అక్కడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నాకు సూపర్‌వైజర్ గుర్తొచ్చాడు. ఎనిమిది నెలల్లో ఆయన నన్ను చేత్తో ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. ప్రతిసారీ ఇదే చేయి ఆలోచించకుండా, తడబడకుండా అబద్ధం చెప్పింది. అబద్ధం చెప్పడం అంత బాగా వచ్చిన చేతికి ఆ ఒక్క ఆదివారమే నిజం చెప్పే అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది? అలవాటు కాదు. ఐదేళ్లు ఓడిపోయాను, ఒక్కసారి గెలవాలనిపించింది. నోరు చెప్పనంది కాబట్టి చేయి చెప్పింది. రెండూ నావే. ఆ మాట అన్నకు తెలుసు, అలవాటే అన్నప్పుడు కూడా తెలుసు. సిగ్నల్ పచ్చబడి వెనకవాళ్లు హారన్లు కొడుతున్నా నేను కదల్లేదు. చాలా ఏడుపొచ్చింది.

నాలుగో వారం ఆయన తిరిగొచ్చాడు. శేఠ్ స్వయంగా గేటు దగ్గర పలకరించి, ఇక నువ్వు నిలబడాల్సిన పని లేదు భాయ్ అని, గోడ పక్కన పేక నూలు కండెలకు చుట్టే మిషను ముందు స్టూలు వేయించాడు. మెత్తగా ఉండాలని స్టూలు మీద గోనెపట్టా కూడా పరిపించాడు. కండెలు చుట్టడం ఖాతాలో కొత్తవాళ్లకూ ముసలివాళ్లకూ ఇచ్చే పని. ఆయన ఎనిమిది సాంచాల్లో నాలుగు ఒక ఒడియా అతనికి ఇచ్చారు. మంచి నాలుగు నాకిచ్చారు. నేను వద్దనొచ్చు. తిరిగొచ్చినవాడి సాంచాలు తిరిగి ఇచ్చేయడమే మా కట్టుబాటని నిలబడి అడగొచ్చు, ఇంకో పదిమంది నా వెనక నిలబడేవాళ్లేమో. అడగలేదు. సూపర్‌వైజర్ అవతల నుంచి వేళ్లతో లెక్క చూపించి, సరేనా అన్నాడు. నా చేయి బొటనవేలెత్తింది.

అప్పటి నుంచి నాకు పన్నెండు సాంచాలు. పడుగులో పోగు తెగితే మా సాంచా ఆగదు. దానిపాటికది నేస్తూనే పోతుంది, తెగినచోట బట్ట పొడవునా గీత పడుతుంది. మనిషి కన్నేసి ఉంచాలి. పన్నెండింటి మీద కన్ను ఉండదు కాబట్టి దూరం నుంచి ఎవరికి కనబడినా వేళ్లు కత్తెరలా ఆడించి చెబుతాం. శత్రువుకైనా చెబుతాం, అది మా అందరికీ ఉన్న మర్యాద.

ఆయన వచ్చిన మూడోరోజో నాలుగోరోజో, నేను అటు చివర కండె మారుస్తున్నాను. తల తిప్పితే అన్న స్టూలు మీద నుంచి లేచి వస్తున్నాడు. వరసల మధ్య, ఒక్కో సాంచా పట్టుకుంటూ, కుడికాలు వెనక నుంచి లాక్కుంటూ. ఏదో ప్రమాదం జరిగిందనుకున్నాను. ఏమిటని చేత్తో అడిగాను. ఆయన చేతులు సాంచాల మీద నుంచి లేవలేదు. అక్కడ కూర్చొనే ఉండు అని చేత్తో చెప్పాను. వస్తూనే ఉన్నాడు. నా దగ్గరకు చేరి, ఊపిరి తీసుకొని, నా చెవి దగ్గర నోరు పెట్టాడు.

"నీ నాలుగో సాంచాల పోగు తెగింది."

"గక్కణ్నుంచే చెయ్యి ఊపితె అయిపోవు గదన్నా," అని నేను అరిచాను. "గీ కాలుతోని గింత దూరం ఎందుకు నడిస్తివి?"

"చేత్తోని జెప్తె అందరికి ఎర్కైతది గద," అన్నాడు.

మళ్లీ ఒక్కో సాంచా పట్టుకుంటూ వెనక్కి నడిచాడు. గోడ దాకా నలభై అడుగులుంటుంది. ఇప్పటికీ రోజుకు మూడు నాలుగుసార్లు అట్లాగే లేచి వస్తాడు. తప్పకుండా వచ్చి చెబుతాడు. ఆయన వస్తున్నది కనబడితే నేను చేతిలో పని వదిలేసి ఎదురు పరిగెత్తుతాను, కానీ వరస ఇరుకు, నేను చేరేసరికి ఆయన సగం దూరం నడిచేసి ఉంటాడు.